జొన్న నాము: గాలి ఆడుతున్నా బర్రె ఎందుకు చనిపోతుంది?

పరకాల_పాడిరైతు
అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె. పచ్చిమేత కోసం ఎకరంలో జొన్న చల్లాను. మధ్యలో బెట్ట పడి మోకాలెత్తు కూడా రాకుండానే ఆగిపోయింది. మొన్న ఒక మంచి వాన పడగానే పక్కల నుంచి కొత్త పిలకలు పచ్చగా లేచాయి. తెల్లవారుజామున రెండు బర్రెలు తలుగు తెంపుకొని అందులో పడ్డాయి. మేం చూసి తోలుకొచ్చేసరికి ఒకటి తూలుతోంది. కొట్టం దాకా రాలేదు, దారిలోనే పడి కాళ్లు కొట్టుకొని పోయింది. రెండోదానికి డాక్టర్ సారు వచ్చి నరానికి మందు ఎక్కిస్తే నిలబడింది.
ఊళ్లో కొందరు పాము అన్నారు. మా బాపు మాత్రం చూడగానే నాము, అంటే లేత జొన్న మేస్తే తగిలే విషం, అన్నాడు. డాక్టర్ సారు కూడా అదే అన్నారు కానీ వేరే ఊరి నుంచి ఫోన్ వస్తే వెంటనే వెళ్లిపోయారు, వివరంగా అడగలేకపోయాను.
నాకు అర్థం కానిది ఒక్కటే. గొంతులో ఏమీ అడ్డం పడలేదు. చివరిదాకా రొప్పుతూనే ఉంది, అంటే గాలి లోపలికి పోతూనే ఉంది. కోసి చూసినప్పుడు రక్తం కూడా మంచి ఎర్రగా ఉంది. గాలి ఉంది, రక్తం ఉంది, మరి ప్రాణం ఎట్లా పోయింది? ఇంకోటి, మిగిలిన జొన్నను ఏం చేయాలి? దున్నేయాలా?

గొర్లమంద_ములుగు
అది నామే తమ్ముడూ, అనుమానం వద్దు. కోసిన జొన్న మోళ్ల మీద చిగురు వచ్చినా అంతే. మేం మందను ఆ దిక్కు పోనియ్యం. ఈసారి ఇట్లయితే వెంటనే బెల్లం నీళ్లు తాగించు, మా తాత కాలం నుంచి అదే మందు.

జీవరసాయనం_మేడం
పరకాల అన్నా, పాడి బర్రె పోవడం అంటే ఇంటికి ఎంత దెబ్బో తెలుసు. నేను హన్మకొండలో డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెబుతాను. వైద్యం సంగతి డాక్టర్లు చెప్పాలి. కానీ గాలి ఉండి కూడా ఎందుకు పోయిందన్న మీ ప్రశ్న అచ్చంగా మా సబ్జెక్టే.
లేత జొన్నలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. డన్‌స్టన్, హెన్రీ అనే ఇద్దరు ఇంగ్లండ్ రసాయనవేత్తలు 1902లోనే దీని గురించి రాశారు. టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి మొక్క దీన్ని తయారు చేసుకుంటుంది. ధురిన్ అణువులో ఒక వైపు గ్లూకోజు, ఇంకో వైపు సైనైడుగా మారగల భాగం ఉంటాయి. రెండూ కలిసి ఉన్నంతసేపు దానితో ప్రమాదం లేదు. ఆకు పైపొర కణాల్లో ధురిన్ ఉంటుంది, దాన్ని విడగొట్టే ఎంజైము లోపలి కణాల్లో ఉంటుంది. ఆకు బాగున్నంతకాలం ఇవి కలుసుకోవు. పశువు నమలగానే కణాలు చితికి రెండూ కలుస్తాయి. గ్లూకోజు ఊడిపోతుంది, మిగిలినదాని నుంచి హైడ్రోజన్ సైనైడు బయటికి వస్తుంది.
బర్రెలు, ఆవులు, గొర్లు, మేకలకు ఇంకో చిక్కు ఉంది. వాటి పెద్ద పొట్టలో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు ఉంటాయి కదా, వాటి దగ్గర కూడా ఈ విడగొట్టే ఎంజైములు ఉన్నాయి. పైగా ఆ పొట్టలో ఆమ్లం తక్కువ, తేమ ఎక్కువ, వెచ్చగా ఉంటుంది. సైనైడు వేగంగా విడుదల కావడానికి అంతకంటే అనువైన చోటు లేదు. గుర్రం, పంది పొట్టలో ఆమ్లం ఘాటుగా ఉండి మొక్క ఎంజైమును చాలావరకు పాడుచేస్తుంది. అందుకే నెమరువేసే పశువులకే ముప్పు ఎక్కువ.
ఇక అసలు విషయం. ఊపిరితిత్తులు గాలి పీల్చడం సగం పనే. ఆ ఆక్సిజన్‌ను రక్తం మోసుకెళ్లి కణానికి ఇస్తే, కణంలోని మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము దాన్ని వాడుకొని నీరుగా మారుస్తుంది. ఆ దారిలోనే ఏటీపీ అనే శక్తి తయారవుతుంది. సైనైడు వెళ్లి సరిగ్గా ఆ ఎంజైములోని ఇనుముకు అతుక్కుంటుంది. ఇక అక్కడ ఆక్సిజన్‌కు చోటు లేదు. ఎనుమాముల మార్కెట్లో కాంటా ఆగిపోతే మిర్చి బస్తాల బండ్లు నిండుగా ఎట్లా నిలబడిపోతాయో, రక్తంలో ఆక్సిజన్ అట్లా నిండుగా ఉండి దిగే దారి లేక తిరిగి వెనక్కి వస్తుంది. మామూలుగా సిరల్లో రక్తం ముదురు రంగులో ఉండాలి, ఆక్సిజన్ కణాలకు ఇచ్చేసి వస్తుంది కాబట్టి. మీ బర్రెలో ఇవ్వలేదు. మీరు చూసిన ఆ ఎరుపు అదే.

నీట్_లాంగ్‌టర్మ్
మేడం, మా మెటీరియల్‌లో "సైనైడ్ కాంప్లెక్స్ 4ను అడ్డుకుంటుంది" అని ఒక్క లైనే ఉంది, అంటే మీరు చెప్పిన సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌నే. ఒక డౌటు. ఆక్సిజన్ వాడకం ఆగినా, ఆక్సిజన్ లేకుండా గ్లూకోజును విరిచే గ్లైకాలిసిస్ నడుస్తుంది కదా? పరుగెత్తేటప్పుడు మన కండరాలు కూడా కొంతసేపు అలాగే నడుస్తాయి. మరి బర్రె కనీసం ఒక పూటైనా ఎందుకు తట్టుకోలేదు?

జీవరసాయనం_మేడం
మంచి డౌటు. లెక్క చూడు. ఒక గ్లూకోజు అణువు పూర్తిగా ఆక్సిజన్‌తో మండితే సుమారు 30 నుంచి 32 ఏటీపీలు వస్తాయి. గ్లైకాలిసిస్ ఒక్కటే అయితే రెండు. పరుగెత్తేటప్పుడు కొన్ని కండరాలకే కొరత, అదీ కాసేపే. లాక్టిక్ ఆమ్లాన్ని కాలేయం సర్దుకుంటుంది. ఇక్కడ కాలేయంతో సహా అన్ని అవయవాలూ ఒకేసారి ఆగిపోయాయి. మెదడు, గుండె ఏటీపీని నిల్వ పెట్టుకోలేవు, అప్పటికప్పుడు తయారు కావాల్సిందే. మెదడు కాండంలో ఊపిరిని నడిపే నాడీకణాలు ముందు దెబ్బతింటాయి. మొదట రొప్పడం, తర్వాత తూలడం, వణుకు, పడిపోవడం, ఆఖరికి ఊపిరి ఆగడం. గుండె ఆ తర్వాత కూడా కాసేపు కొట్టుకుంటుంది.
ఏటీపీ అనగానే మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తు రావాలి. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నాడు. ఆయనకు దక్కాల్సినంత పేరు దక్కకపోవడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు.
ఇంకో సంగతి. కణం ఎలా ఊపిరి తీసుకుంటుందో మనిషికి తెలిసిందే ఇలాంటి విషాల వల్ల. ఒట్టో వార్‌బర్గ్ సైనైడును, కార్బన్ మోనాక్సైడును కణాల మీద ప్రయోగించి, శ్వాస నడిపే ఎంజైములో ఇనుము ఉందని నిర్ధారించాడు. 1931లో ఆయనకు నోబెల్ వచ్చింది.

హన్మకొండ_అనుమానం
ఇదంతా బాగుంది కానీ, మా మేనమామ వాళ్లు వరిగడ్డి దొరకని ఏళ్లలో పశువులకు జొన్నే వేసేవాళ్లు. ఒక్కటీ చావలేదు. జొన్నలో అంత విషం ఉంటే దక్కన్‌లో ఇన్ని తరాలుగా పశువులు ఎట్లా బతికాయి? ప్రతి చావుకూ నాము అని ముద్ర వేయడం కూడా అలవాటైంది మనకు. పురుగుమందు కొట్టిన చేలో మేసినా ఇట్లాగే చస్తాయి.

పశువైద్యం_జగిత్యాల
అనుమానం అన్నా, మీ చివరి మాట నిజం. పురుగుమందు కేసులు మాకు చాలా వస్తాయి. కానీ వాటిలో నోటి నుంచి చొంగ ధారగా కారుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. పరకాల అన్న చెప్పింది అట్లా లేదు. మేసిన కొద్దిసేపటికే పడిపోవడం, బెట్ట తర్వాత లేచిన పిలకలు, రక్తం ఎరుపు, మందుకు రెండో బర్రె లేవడం, ఇవన్నీ నాము దిక్కే చూపిస్తున్నాయి. ఇక పాము మాట వదిలేయండి, తూలే ప్రతి పశువుకూ ఊళ్లో ముందు వచ్చే మాట అదే.
మీ మేనమామ వాళ్ల పశువులు ఎందుకు బతికాయంటే, వాళ్లు వేసింది పూత దాటిన జొన్న, లేదా ఎండిన చొప్ప అయి ఉంటుంది. మొక్క పెరిగేకొద్దీ కిలో మేతలో ధురిన్ తగ్గుతుంది. ఎండబెడితే సైనైడు చాలావరకు ఆవిరైపోతుంది. రెండోది, పశువు ఒంట్లోనే దీన్ని విరిచే ఏర్పాటు ఉంది. కాలేయంలో, మూత్రపిండాల్లో రోడనీస్ అనే ఎంజైము సైనైడుకు గంధకం తగిలించి థయోసయనేట్‌గా మారుస్తుంది, అది మూత్రంలో పోతుంది. రోజంతా కొద్దికొద్దిగా లోపలికి వెళితే ఈ ఎంజైము సర్దుకుంటుంది. ఆకలి మీద ఉన్న బర్రె పావుగంటలో గబగబా మేస్తే సర్దుకోలేదు. అంటే ఎంత తిన్నది అన్నదానికంటే ఎంత వేగంగా తిన్నది అన్నదే ముఖ్యం.
పశువుకు ప్రాణాంతకమైన మోతాదు కిలో ఒంటి బరువుకు సుమారు 2 మిల్లీగ్రాముల హైడ్రోజన్ సైనైడు. 400 కిలోల బర్రెకు 800 మిల్లీగ్రాములు. కిలో పచ్చి పిలకల్లో 400 మిల్లీగ్రాములు ఉందనుకుంటే రెండు కిలోలు చాలు. ఆకలి మీద ఉన్న బర్రెకు రెండు కిలోలు అంటే కొద్ది నిమిషాల మేత.
ములుగు అన్నా, బెల్లం నీళ్ల గురించి ఒక మాట. మీ పెద్దల మీద గౌరవం ఉంది. కానీ తూలుతూ రొప్పుతున్న పశువుకు గొంతులో నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నాముకు బతికిన పశువు దాంతో పోయిన కేసులు చూశాను.

గొర్లమంద_ములుగు
డాక్టర్ సాబ్, మా తాత పోసినప్పుడు కొన్ని లేచేవి కదా మరి?

జీవరసాయనం_మేడం
కొంచెం తిన్నవి ఎలాగూ లేచేవే అన్నా. ఒక తమాషా చెబుతాను. చక్కెరలు సైనైడుతో కలుస్తాయన్నది నిజమే. 1880లలో కిలియాని అనే జర్మన్ రసాయనవేత్త ఆ చర్యతోనే చక్కెర అణువులను పొడిగించాడు, కాలేజీలో పిల్లలు ఇప్పటికీ చదువుతారు. అయితే అది నెమ్మదిగా జరిగే చర్య, పశువుకు ఉన్నది నిమిషాలు. అందుకే బెల్లాన్ని పూర్తిగా కొట్టిపారేయను, మందు అని మాత్రం ఒప్పుకోను.

ఆర్మూర్_ఎర్రజొన్న
మా దిక్కు యాసంగిలో ఎర్రజొన్న ఎక్కువ. అది తిండి గింజ కాదు, విత్తనంగా ఉత్తరాదికి పశుగ్రాసం కోసం పోతుంది. కోత అయ్యాక మోళ్లకు నీళ్లు తగిలితే వారంలో పచ్చగా చిగురు వస్తుంది. సరిగ్గా అప్పుడే గొర్ల మందలు దిగుతాయి. రైతు పొలంలో ఎరువు కోసం మందను ఆపుతాడు, కాపరికి మేత దొరికిందని సంతోషం. చిగురు సంగతి ఇద్దరూ మాట్లాడుకోరు. ఎకరానికి ఎంత ధర అని మాత్రం గంటసేపు మాట్లాడుకుంటారు.
డాక్టర్ గారూ, రెండో బర్రెకు ఎక్కించింది ఏం మందు? మేం ఇంట్లో పెట్టుకోవచ్చా?

పశువైద్యం_జగిత్యాల
మామూలుగా రెండు మందులు వాడతాం. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్. మొదటిది రక్తంలోని కొంత హిమోగ్లోబిన్‌ను మెట్‌హిమోగ్లోబిన్‌గా మారుస్తుంది. దాని ఇనుము సైనైడును తనవైపు లాగేస్తుంది, కణంలోని ఎంజైము విడుదలవుతుంది. రెండోది రోడనీస్‌కు కావాల్సిన గంధకం ఇస్తుంది. సమయానికి పడితే, నేల మీద పడి ఉన్న పశువు మీ కళ్లముందే లేచి నిలబడుతుంది. మా వృత్తిలో అంత తొందరగా ఫలితం కనిపించే వైద్యాలు తక్కువ.
థయోసల్ఫేట్ అంటే పాత ఫొటో స్టూడియోల్లో వాడిన హైపోనే. రంగుల ఫిల్ము కూడా పోయాక స్టూడియోల్లో అది దొరకడం మానేసింది. పొట్టలో ఇంకా మిగిలి ఉన్న మేత నుంచి సైనైడు వస్తూనే ఉంటుంది కాబట్టి, పెద్ద పశువుకు 30 గ్రాముల హైపో నీళ్లలో కలిపి గొట్టంతో నేరుగా పొట్టలోకి పంపిస్తాం కూడా.
నరానికి ఎక్కించే మోతాదు ఇక్కడ రాయను. కారణం ఉంది. బెట్ట పడ్డ జొన్నలో సైనైడు ఒక్కటే కాదు, నైట్రేటు కూడా పేరుకుంటుంది, ముఖ్యంగా యూరియా ఎక్కువ వేసిన చేలో. ఆ నైట్రేటు పొట్టలో నైట్రైటుగా మారి హిమోగ్లోబిన్‌ను పాడుచేస్తుంది. అప్పుడు రక్తం చాక్లెట్ రంగులో ఉంటుంది. ఆ పశువుకు నాము అనుకొని సోడియం నైట్రైట్ ఎక్కిస్తే, ఉన్న విషానికి అదే విషం కలిపినట్టే. దానికి ఇవ్వాల్సింది మిథిలీన్ బ్లూ. చేను ఒకటే, లక్షణాలు దగ్గరదగ్గరగా ఉంటాయి, మందులు పూర్తిగా వేరు. అందుకే సూది పెట్టే ముందు మేం రక్తం రంగు చూస్తాం. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఫోన్‌లోనే "జొన్న పిలకలు మేసింది" అని చెప్పండి, వచ్చేవాళ్లు మందు వెంట తెచ్చుకుంటారు.

మిల్లెట్_అక్క
నాకు ఇది చదివాక టెన్షన్ మొదలైంది. నేను ఖిలా వరంగల్‌లో ఇంటి దగ్గరే రాగి మాల్ట్, జొన్న పిండి అమ్ముతాను. ఈమధ్య జొన్న మొలకలు సలాడ్‌లో వేసుకుంటే షుగర్‌కు మంచిదని వీడియోలు చూసి ఇద్దరు ముగ్గురు అడిగారు. మొలకలు అంటే లేత జొన్నే కదా?

జీవరసాయనం_మేడం
అక్కా, అడిగి మంచి పని చేశారు. ముందు భయపడాల్సిన అవసరం లేనివి చెబుతాను. ఎండిన జొన్న గింజలో ధురిన్ దాదాపు ఉండదు. రొట్టె, గట్క, సంకటి నిశ్చింతగా తినొచ్చు. రాగి మొలకెత్తించినా ఈ సమస్య రాదు, పెసర్ల మొలకలకూ రాదు.
జొన్న మొలకలు మాత్రం వద్దు. గింజ మొలకెత్తగానే ధురిన్ తయారీ మొదలవుతుంది, మొదటి కొద్ది రోజుల్లోనే అది తారస్థాయికి వెళుతుంది. మొలక కొన భాగంలో పొడి బరువులో 30 శాతం దాకా ధురిన్ ఉన్నట్టు డెన్మార్క్ శాస్త్రవేత్తలు కొలిచారు. మనం సలాడ్‌లో వేసుకోవాలనుకునే దశ సరిగ్గా అదే. ఆఫ్రికాలో జొన్నను మొలకెత్తించి మాల్ట్ చేస్తారు కదా అంటే, వాళ్లు మొలకలను ఎండబెట్టి, వేళ్లను, మోసులను నలిపి తీసేసి, మిగిలిన గింజను పిండి పట్టి ఉడికిస్తారు. పచ్చిగా నమలరు. వీడియోల వాళ్లు ఆ సగం చెప్పరు.

హన్మకొండ_అనుమానం
అంటే మనిషికి కూడా రోడనీస్ ఉంది కదా, కొంచెం తింటే ఏమవుతుంది?

జీవరసాయనం_మేడం
ఉంది. కానీ దానికి గంధకం కావాలి, అది మాంసకృత్తుల నుంచి రావాలి. ఆఫ్రికాలో కర్రపెండలం సరిగ్గా నానబెట్టకుండా, ఎండబెట్టకుండా తినే కరువు ప్రాంతాల్లో, పప్పు, మాంసం దొరకని పిల్లలకు, ఆడవాళ్లకు కాళ్లు హఠాత్తుగా చచ్చుబడిపోయే జబ్బు వస్తుంది. కొంజో అంటారు. మళ్లీ నడక పూర్తిగా రాదు. అదే కర్రపెండలంతో పాటు మంచి తిండి ఉన్నవాళ్లకు ఆ జబ్బు అరుదు. కాబట్టి "కొంచెం" అన్నది తినే మనిషిని బట్టి మారుతుంది. షుగర్ తగ్గించుకోవడానికి ఇంత సాహసం దేనికి, రొట్టె తినండి.

పశువైద్యం_జగిత్యాల
గంధకం మాట వచ్చింది కాబట్టి: ఆస్ట్రేలియాలో జొన్న మేసే గొర్లకు గంధకం కలిపిన ఉప్పు దిమ్మలు నాకిస్తారు. పనిచేసేది ఈ సూత్రమే. అయితే అది రోజువారీ చిన్న మోతాదులకు. పిలకల చేలో వదిలిన మందను దిమ్మ కాపాడదు.

నీట్_లాంగ్‌టర్మ్
మేడం, ఇంకో డౌటు, చివరిది. జొన్న మొక్కకు కూడా మైటోకాండ్రియా ఉంది, సైటోక్రోమ్ ఆక్సిడేజ్ ఉంది. మిడత కొరికినప్పుడు ఆకులో సైనైడు వస్తే మొక్క ఎందుకు చావదు?

జీవరసాయనం_మేడం
"చివరిది" అని నువ్వు రాయడం ఇది ఎన్నోసారో. మొక్కకు రెండు రక్షణలున్నాయి. ఒకటి, మైటోకాండ్రియాలో ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ అనే ఇంకో ఎంజైము ఉంటుంది. సైనైడు దాన్ని తాకలేదు. శక్తి తక్కువ వస్తుంది గానీ శ్వాస ఆగదు. బర్రెకు, మనకు ఆ దారి లేదు. రెండోది, మొక్కలు సైనైడును సిస్టీన్‌తో కలిపి, ఆఖరికి ఆస్పరజిన్ అనే మామూలు అమైనో ఆమ్లంగా మార్చుకుంటాయి. నత్రజని వృథా కాదు.
ఇది జొన్న ఒక్కదాని కథ కాదు. పండ్లను మాగబెట్టే ఇథిలీన్ ఉంది కదా, మొక్క ఒక్కో ఇథిలీన్ అణువు తయారు చేసినప్పుడల్లా ఒక సైనైడు అణువు కూడా పుడుతుంది. మాగే ప్రతి మామిడికాయలో అది జరుగుతూనే ఉంటుంది, వెంటనే ఆ రెండో పద్ధతిలో మాయమవుతూ ఉంటుంది. దాని గురించి మామిడిపండు మానేయకండి ఎవరూ!
నాకు తోచేది ఏమంటే, ధురిన్‌ను విషం అని మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. జొన్నకు అది నత్రజని నిల్వ కూడా. బెట్టలో పెరుగుదల ఆగినప్పుడు పేరుకుంటుంది, అవసరమైతే సైనైడు బయటపడకుండానే మొక్క దాన్ని తిరిగి వాడుకుంటుంది. పరకాల అన్న చేలో జరిగింది అదే. వాన పడ్డాక లేచిన పిలకలు మనకు కొత్త మేతలా కనిపిస్తాయి, మొక్కకు అవి కష్టకాలంలో కాపాడుకోవాల్సిన చిగుళ్లు.

పరకాల_పాడిరైతు
అందరికీ దండాలు. మా బాపుకు చదివి వినిపించాను, "నేను చెప్పిందే కదా" అన్నాడు. ఇప్పుడు చేను సంగతి చెప్పండి సార్. ఇంకా ఒక బర్రె, రెండు దుడ్డెలు ఉన్నాయి, మేత కొనాలంటే ధర మండుతోంది. బతికిన దాని పాలు ఇంట్లో వాడుకోవచ్చా?

పశువైద్యం_జగిత్యాల
పాలు: మందులు పడ్డ పశువు కాబట్టి మీ డాక్టర్ సరే అనేదాకా వాడకండి, దూడకు కూడా తాపకండి.
చేను: దున్నేయొద్దు, అందులో డబ్బుంది. నీళ్లు పెట్టే వీలుంటే పెట్టి పెరగనివ్వండి. ఇప్పుడు యూరియా వేయకండి. పూత దశకు వచ్చాక కోయండి. పిలకలు, పాత కర్రలు కలిసి ఉన్నాయి కాబట్టి వయసు లెక్క పాత కర్రను చూసి కాదు, చిన్న పిలకను చూసి వేసుకోవాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కోసినదాన్ని బాగా ఎండబెట్టి చొప్పగా వేయండి, లేదంటే ముక్కలు కొట్టి పాతర గడ్డి (సైలేజీ) చేయండి. పాతర తీసిన వెంటనే వేయకుండా కాసేపు గాలికి ఆరనివ్వండి. ఎండబెడితే సైనైడు పోతుంది గానీ నైట్రేటు పోదు, అది గుర్తుంచుకోండి. మొదట్లో వరిగడ్డి కడుపునిండా వేశాకే ఇది కొద్దిగా పెట్టండి.
వచ్చే ఏడు మేతకే వేసేటట్లయితే పలుకోతల రకాలు తీసుకోండి, ఎస్‌ఎస్‌జీ 59-3 లాంటివి. వాటిలో ధురిన్ తక్కువ. తక్కువ అంటే లేదని కాదు, వాటినీ మొదటి కోత 50 రోజులు దాటాకే.

ఆర్మూర్_ఎర్రజొన్న
కోసే ముందు చేనులో విషం ఉందో లేదో చూసుకునే పరీక్ష ఏదైనా ఉందా? ప్రతిసారీ హైదరాబాద్ పంపలేం కదా.

జీవరసాయనం_మేడం
ఉంది, పాతదే. పిక్రేటు కాగితం పరీక్ష. ఆకును సన్నగా తరిగి గాజు గొట్టంలో వేసి, రెండు చుక్కల క్లోరోఫారం వేసి, పసుపు రంగు సోడియం పిక్రేటు కాగితం లోపల వేలాడేలా మూత పెట్టి వెచ్చగా ఉంచాలి. సైనైడు వస్తే కాగితం ఇటుక ఎరుపుకు తిరుగుతుంది. ఎంత తొందరగా, ఎంత ముదురుగా తిరిగితే అంత ప్రమాదం. కానీ ఇంట్లో చేయొద్దు, పిక్రిక్ ఆమ్లం ఎండిపోతే పేలే స్వభావం ఉన్నది. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అడగండి. వరంగల్ వాళ్లకు మామునూరులో, మీ వైపు వాళ్లకు కోరుట్లలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. ఆకులను కోసిన వెంటనే గాలి చొరబడని కవరులో కట్టి, ఎండ తగలకుండా తీసుకెళ్లండి. దారిలో వాడిపోతే ఉన్న సైనైడు అక్కడే ఎగిరిపోయి, విషం లేదని ఫలితం వస్తుంది.

గొర్లమంద_ములుగు
ఆర్మూర్ అన్నా, సంక్రాంతి దాటినంక మా మంద మీ దిక్కే వస్తది. ఏ చేను మోళ్లకు నీళ్లు తగిలినయో ముందే ఫోన్ చేసి చెప్పు, ఆ పొలాలు విడిచిపెట్టి పోతాం. ఎరువు ధర తర్వాత మాట్లాడుకుందాం.